‘చిన్న సిలిండరే కదా’ అన్న ధీమా

ధర్మవరం జంక్షన్‌లో తిరుపతి బండి కోసం మూటాముల్లె సర్దుకుని కూర్చున్న యాత్రికులను అడగండి. పెనుకొండ కోట కొండ మీద రాత్రి గడపడానికి బెంగళూరు నుంచి వచ్చిన కుర్రాళ్లను అడగండి. హిందూపురం పక్కన తూముకుంట పారిశ్రామికవాడలో పనిచేస్తూ ఒక్క గదిలో నలుగురైదుగురు సర్దుకుంటున్న కార్మికులను అడగండి. సామాన్లలో ఉన్న బుల్లి గ్యాస్ స్టవ్ గురించి అందరూ చెప్పేది ఒకే మాట: ‘చిన్న సిలిండరే కదా, ఏమవుతుంది?’

ఇంట్లో పెద్ద సిలిండర్ దగ్గర ఎంతో జాగ్రత్తగా ఉండేవాళ్లు కూడా ఇదే అంటారు. పడుకోబోయే ముందు రెగ్యులేటర్ కట్టేశామో లేదో లేచి చూసుకునే ఇల్లాలే, యాత్రకు బయలుదేరేటప్పుడు అయిదు కిలోల సిలిండర్‌ను గోనెసంచిలో చుట్టి బెర్తు కిందికి తోస్తుంది. పెద్దదానికి భయపడాలి, చిన్నదానికి అక్కర్లేదన్న లెక్క అంతగా పాతుకుపోయింది. ఆ లెక్క మొదలంటా తప్పు. చిన్న సిలిండర్ తెచ్చే ముప్పులో సగం అది చిన్నదిగా ఉండటం వల్లే వస్తుంది. పెద్ద సిలిండర్ వంటింటి మూల కదలకుండా కూర్చుంటుంది. చిన్నది చంకన పెట్టుకుంటే రైలు బోగీలోకి, టెంటులోకి, కారు డిక్కీలోకి, పడకమంచం కిందికి వచ్చేస్తుంది. గ్యాస్ ఎన్నడూ ఉండకూడని చోట్లన్నింటికీ దాన్ని చేర్చేది ఆ చిన్నతనమే.

ముందు గ్యాస్ పరిమాణం సంగతి. సిలిండర్‌లో ఒత్తిడి మీద నిలిచి ఉండేది ద్రవం. ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ఆ ద్రవం ఒక్క లీటరు బయటపడితే దాదాపు 250 లీటర్ల ఆవిరి అవుతుంది. ఆ ఆవిరి గాలిలో నూటికి రెండు పాళ్లకు చేరితే చాలు, అంటుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టే. అగ్గిపుల్ల గీయనక్కర్లేదు, లైటు స్విచ్చులో పుట్టే నిప్పురవ్వ సరిపోతుంది. బల్ల మీద పెట్టుకునే క్యాంపింగ్ స్టవ్‌లో స్ప్రే డబ్బాలాంటిది ఒకటి వేస్తారు. అందులో ఉండేది 220, 230 గ్రాముల బ్యూటేన్. అదంతా కారిపోతే వంద లీటర్లకు కాస్త తక్కువ ఆవిరి వస్తుంది. గాలితో కలిసి దాదాపు 5 ఘనమీటర్ల చోటును మంట అందుకునేలా మార్చేస్తుంది. ఇద్దరు పడుకునే టెంటు లోపలి చోటు రెండు మూడు ఘనమీటర్లకు మించదు. అంటే అరచేతిలో ఇమిడే డబ్బాకు ఆ టెంటు చాలదు.

అయిదు కిలోల సిలిండర్ నుంచి వచ్చే ఆవిరి సుమారు 2,300 లీటర్లు. అది 115 ఘనమీటర్ల గాలిని పాడుచేయగలదు. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గది 28 ఘనమీటర్లు. అలాంటివి నాలుగు గదులు. 14.2 కిలోల ఇంటి సిలిండర్ అయితే పదకొండు గదులకు సరిపోతుంది. కానీ కార్మికుడికి ఉన్నదే ఒక్క గది అయినప్పుడు నాలుగుకూ పదకొండుకూ మధ్య తేడా అతన్ని కాపాడుతుందా? ‘చిన్నది కాబట్టి చిన్న ప్రమాదం’ అనే వాదన ఇక్కడే కూలిపోతుంది. పైగా ఇదంతా గ్యాస్ గది అంతటా సమంగా కలిసిందనుకుని వేసిన లెక్క. నిజానికి అది నేలబారున పేరుకుంటుంది కాబట్టి అంత గ్యాస్ కూడా అవసరం లేదు.

ఇక రైళ్ల సంగతి. 2023 ఆగస్టు 26, తెల్లవారుజామున అయిదుంబావు ప్రాంతం. మదురై స్టేషన్ యార్డులో ఒక బోగీ ఆగి ఉంది. ఆగస్టు 17న లక్నోలో బయలుదేరిన యాత్రికులు అద్దెకు తీసుకున్న బోగీ అది. నాగర్‌కోయిల్‌లో పునలూరు–మదురై ఎక్స్‌ప్రెస్‌కు తగిలించి తెచ్చి, మదురైలో విడదీసి పక్క లైన్‌లో నిలిపారు. దొంగచాటుగా తెచ్చిన గ్యాస్ సిలిండర్‌తో కొందరు టీ కాచుకోబోగా మంట లేచిందని దక్షిణ రైల్వే ప్రకటించింది. తొమ్మిది మంది చనిపోయారు. బండి పరుగెత్తడం లేదు. నడిమి అడవిలో లేదు, పెద్ద ఊరి పెద్ద స్టేషన్ పక్కనే ఉంది. కాచబోయింది టీ మాత్రమే. ‘కొంచెంసేపే కదా, కొన్ని టీలే కదా’ అనేవాళ్లు ఈ తొమ్మిది ప్రాణాలకు ఏమని సమాధానం చెబుతారు?

మదురై దూరమనుకుంటే కొత్తచెరువు దూరం కాదు. 2013 డిసెంబర్ 28 తెల్లవారుజామున బెంగళూరు–నాందేడ్ ఎక్స్‌ప్రెస్ హిందూపురం, పెనుకొండ దాటి ప్రశాంతి నిలయం, కొత్తచెరువు స్టేషన్ల మధ్యకు వచ్చేసరికి ఏసీ బోగీ అంటుకుంది. నిద్రలో ఉన్నవాళ్లను పొగ కమ్మేసింది. 26 మంది తిరిగిరాలేదు. ఆ మంట ఎలా పుట్టిందన్నది ఇక్కడి చర్చ కాదు. బోగీలో మంట అంటూ పుడితే మనిషికి ఎన్ని నిమిషాలు మిగులుతాయన్నది ధర్మవరం లైన్ మీద ప్రయాణించే ప్రతివాడూ తెలుసుకోవాల్సిన సంగతి. తెలుగు నేల ఆ పాఠం ఒక్కసారి చూడలేదు. 2008లో కేసముద్రం దగ్గర గౌతమి ఎక్స్‌ప్రెస్, 2012 జులై 30న నెల్లూరులో తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఇలాగే అర్ధరాత్రి దాటాక కాలాయి. బెర్తుల మీద పరుపులు, కిటికీలకు తెరలు, నడవలో సామాన్లు, రెండు చివర్లా ఇరుకు తలుపులు. అలాంటి పెట్టెలోకి తెలిసి తెలిసి గ్యాస్ తీసుకెళ్లడాన్ని ‘అలవాటు’ అని సరిపెట్టుకోవడం తోటి ప్రయాణికుల ప్రాణాలతో ఆడుకోవడమే.

‘పదేళ్లుగా శబరిమలకు తీసుకెళ్తున్నాం, ఎప్పుడూ ఏమీ కాలేదు’ అన్నది ఈ వాదనకు రెండో అంచె. వినడానికి అనుభవంలా ఉంటుంది. కానీ ఈ పదేళ్లలో ఆ స్టవ్‌కు ఏమైందో ఎవరూ చూడరు. వాల్వ్‌లోని రబ్బరు వాషర్ ఎండకు, నూనె మరకలకు గట్టిపడి బీటలిచ్చింది. బర్నర్ బిగించే మర ప్రతి యాత్రలోనూ కాస్త కాస్త అరిగింది. వ్యాన్ వెనకాల దొర్లి సిలిండర్ అడుగు సొట్టపోయింది. తుప్పు మీద మళ్లీ రంగు వేశారు. ఏమీ కాకుండా గడిచిన ప్రతి ఏడాదీ ఆ సామాను మరింత పాతబడిన ఏడాది. పదేళ్ల అనుభవం అంటే పదేళ్ల అరుగుదల కూడా. దాన్ని భరోసాగా చూపించడం తిరగేసిన తర్కం.

చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 1989 రైల్వే చట్టం 67వ సెక్షన్ మండే, పేలే వస్తువులను బండిలోకి తేవడాన్ని నిషేధించింది. 164వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. జరిగిన నష్టానికి బాధ్యత అదనం. వెయ్యి రూపాయలన్నది ఆనాటి లెక్క. ఇవాళ అది ఎవరినీ ఆపదు. దాన్ని పెంచాల్సిందే. అయినా జరిమానా కోసం సిలిండర్ వదిలేయాల్సిన స్థితిలో మనిషి ఉండకూడదు. పక్క బెర్తులో పడుకున్న పసిపిల్ల కోసం వదలాలి.

ఇప్పుడు మూడో ధీమా. ‘గ్యాస్ లీకైతే వాసన వస్తుంది, అప్పుడు చూసుకుందాం.’ వాసన నిజమే. గ్యాస్‌కు సొంత వాసన లేదు కాబట్టి ఇథైల్ మెర్కాప్టాన్ అనే ఘాటైన పదార్థాన్ని కావాలని కలుపుతారు. కానీ ప్రొపేన్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు. కారిన గ్యాస్ పైకి లేవదు. నేల మీద పాకి, ఎక్కడ పల్లం ఉంటే అక్కడికి దిగి నిలుస్తుంది. నిలబడ్డ మనిషి ముక్కుకు చేరేసరికి అతని పాదాల దగ్గర ఎప్పుడో పేరుకుని ఉంటుంది.

ఈ మాట ధర్మవరానికి మరే ఊరికీ లేనంత సూటిగా తగులుతుంది. పట్టుచీరలకు పేరుపడ్డ ఆ ఊళ్లో మగ్గం ఇంట్లోనే ఉంటుంది. పాత పద్ధతి మగ్గం గుంత మగ్గం. నేలలో నడుములోతు గుంత తవ్వి, నేత మనిషి దాని అంచున కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేసి తొక్కుడు కర్రలు తొక్కుతాడు. చాలా ఇళ్లలో ముందు గదిలో మగ్గం, ఆ వెనకే వంట. రెండింటికీ మధ్య ఉంటే ఓ సగం గోడ, లేకుంటే ఓ తెర. రాత్రి టీ కోసమో, పిల్లవాడి పాల కోసమో తెచ్చుకున్న చిన్న సిలిండర్ స్టవ్‌ను మగ్గం పక్కనే నేల మీద పెట్టి వెలిగిస్తారు. దాని వాల్వ్ సరిగా కట్టకుండా పడుకుంటే, కారిన గ్యాస్ ఆ ఇంట్లో అన్నింటికన్నా పల్లంగా ఉన్న చోటికి చేరుతుంది. అంటే మగ్గం గుంతలోకి. అక్కడ గాలి కదలదు. కిటికీ తీసినా ఆ గుంత ఖాళీ కాదు. తెల్లారుజామున నేత మనిషి లేచి, జాకార్డుకు బిగించుకున్న మోటారు స్విచ్చు వేస్తాడు, లేదా గుంత పైన వేలాడే బల్బు వెలిగిస్తాడు. ‘వాసన వస్తే చూసుకుందాం’ అన్న మాటకు ఆ క్షణంలో అర్థం ఉండదు.

ఇది భయపెట్టడానికి చెప్పే కథలా అనిపించవచ్చు. కానీ ఇందులో కల్పించి చెప్పినది ఏమీ లేదు. గ్యాస్ బరువైనది, గుంత లోతైనది, ఇల్లు ఇరుకైనది. మగ్గం ఉన్న గదిలో ఏ సైజు గ్యాస్ సిలిండర్ కూడా ఉండకూడదన్న ఒక్క నియమాన్ని నేతకారుల సంఘాలు గట్టిగా పట్టుకుంటే ఈ ముప్పు తప్పుతుంది. చోటు లేనివాళ్లు వాడిన వెంటనే వాల్వ్ కట్టి, బర్నర్ చల్లారాక సిలిండర్‌ను వరండాలో నీడపట్టున నిలువుగా నిలబెట్టుకోవచ్చు. మగ్గం గుంతకూ, మురుగు కాలువకూ, నేల కింది గదులకూ అది దూరంగా ఉండాలి. లీకు ఉందో లేదో చూడటానికి సబ్బునీళ్లు చాలు. వాల్వ్ చుట్టూ పూస్తే బుడగలు లేస్తాయో లేదో కంటికి కనిపిస్తుంది. అగ్గిపుల్ల వెలిగించి చూసే అలవాటు ఇంకా కొందరిలో ఉంది. దాన్ని మించిన పిచ్చిపని లేదు.

పెనుకొండ కొండ మీద వినిపించే వాదన వేరు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని మార్చుకున్న ఊరు ఇది. 44వ నంబర్ జాతీయ రహదారి పక్కనే ఉండటంతో బెంగళూరు కుర్రాళ్లు శనాదివారాల్లో కోట చూడటానికి వస్తారు. ‘మేం వాడేది ఆరుబయట. గ్యాస్ గాలిలో కలిసిపోతుంది. మాకేం భయం?’ అంటారు. ఆరుబయట గ్యాస్ చెదిరిపోతుందన్నది నిజమే. అయితే కొండ మీద గాలి స్టవ్‌ను వెలగనివ్వదు. అప్పుడు ఏం చేస్తారన్నదే ప్రశ్న. స్టవ్ చుట్టూ రాళ్లు పేరుస్తారు, లేదా దాన్ని టెంటులోకి తెస్తారు. రెండూ ప్రాణం మీదికి తెచ్చేవే.

రాళ్ల సంగతి ముందు. బల్ల మీది స్టవ్‌లో గ్యాస్ డబ్బా బర్నర్ పక్కనే, అదే పెట్టెలో పడుకుని ఉంటుంది. దాని మెడ దగ్గరి పట్టీకి ఒక చోట చిన్న గాడి ఉంటుంది. ఆ గాడి పైకి వచ్చేలా, స్టవ్‌లో ఉన్న గుర్తుకు సరిపోయేలా డబ్బాను అమర్చి మీట నొక్కాలి. అలా పెడితేనే డబ్బా లోపలి గొట్టం మూతి ద్రవం పైన తేలి ఆవిరిని మాత్రమే తీసుకుంటుంది. గాడి పక్కకో కిందికో తిరిగితే గొట్టం ద్రవంలో మునుగుతుంది. ఆవిరి బదులు ద్రవమే బర్నర్‌లోకి దూసుకొచ్చి మంట మనిషెత్తు లేస్తుంది. ఈ గాడి ఎందుకుందో కొన్నవాళ్లలో తెలిసినవాళ్లు తక్కువ, అమ్మేటప్పుడు చెప్పేవాళ్లు అంతకన్నా తక్కువ.

డబ్బాను ఎంత సరిగా అమర్చినా దాని మీద వేడి పడితే ఫలితం ఉండదు. బ్యూటేన్ ఒత్తిడి 20 డిగ్రీల దగ్గర రెండు వాతావరణాల చుట్టూ ఉంటే, 50 డిగ్రీల దగ్గర అయిదుకు చేరుతుంది. ఆ పైన ఆ పల్చటి రేకును నమ్మలేం. అందుకే డబ్బా మీద 50 డిగ్రీలు దాటనివ్వద్దని రాసి ఉంటుంది. స్టవ్ కన్నా పెద్ద పెనం పెడితే పెనం అంచు డబ్బా పైకి వచ్చి వేడిని కిందికి తోస్తుంది. చుట్టూ రాళ్లు పేరిస్తే బయటికి పోవాల్సిన వేడి లోపలే తిరుగుతుంది. ఈ రకం స్టవ్ ఇంటింటా ఉన్న దక్షిణ కొరియాలో అధికారులు పదే పదే చేసే హెచ్చరిక ఈ పెద్ద పెనం గురించే. పదిమందికి ఒకేసారి బిర్యానీ వండాలనుకునేవాళ్లు రెండు స్టవ్‌లను పక్కపక్కన ఆనించి ఒకే గిన్నె పెట్టడమూ అంతే ప్రమాదం. గాలి అడ్డుకోవాలంటే గాలి వచ్చే వైపు మాత్రమే, స్టవ్‌కు దూరంగా అడ్డు పెట్టాలి. డబ్బా చేత్తో తాకితే చురుక్కుమంటే వెంటనే ఆర్పేయాలి.

వంటయ్యాక మిగిలిన డబ్బాను కారు డిక్కీలో పడేసి మర్నాడు ఎండలో పార్కింగ్ చేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రాంతంలో బయటే 40 డిగ్రీలు. మూసిన కారులో అది 60 దాటుతుంది. 50 డిగ్రీల హెచ్చరిక అక్కడ ఏమైనట్టు? ‘అయిపోయింది’ అనుకుని డబ్బాను చలిమంటలోకి విసరడం మరో సరదా. అయిపోయిన డబ్బాలో మిగిలిన ఆవిరి చాలు, రేకు ముక్కలు కళ్లలోకి దూసుకురావడానికి.

ఇక టెంటు. బయట గాలి కొడుతోందని, చలేస్తోందని స్టవ్‌ను లోపలికి తెచ్చి జిప్పు మూస్తే, మంట అక్కడి ఆక్సిజన్‌ను తినేస్తూ కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. గ్యాస్‌కు కలిపే ఘాటు ఇక్కడ అక్కరకు రాదు, ఎందుకంటే గ్యాస్ కాలిపోయింది కదా. నెత్తుటిలో ఆక్సిజన్ మోసే పదార్థానికి ఇది ఆక్సిజన్‌కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, మగత, ఆ తర్వాత నిద్ర. ఆ నిద్రలోంచి లేవరు. 2020 జనవరి 21న నేపాల్‌లోని దమన్‌లో హోటల్ గదిలో గ్యాస్ హీటర్ పెట్టుకుని పడుకున్న కేరళ పర్యాటకులు ఎనిమిది మంది ఇలాగే ఊపిరాడక పోయారు. వాళ్లలో నలుగురు పిల్లలు. అక్కడ పేలుడు లేదు, మంట లేదు, చలికి మూసుకున్న తలుపులూ కిటికీలూ మాత్రం ఉన్నాయి. ఇటుక గోడల గదిలోనే అలా అయితే, గుడ్డ టెంటులో గాలి ఆడుతుందిలే అనుకోవడం సాహసం. నేటి టెంట్లు వాన చుక్క దూరకుండా కుట్టినవి. జిప్పు మూస్తే గాలీ అంతే. వంట చేసుకోవాలంటే బయటే చేసుకోవాలి. గాలి ఆపలేనంతగా ఉంటే ఆ పూట అరటిపళ్లతో, అటుకులతో గడిపేయడమే తెలివైన పని.

అన్నింటికన్నా మొండిగా సమర్థించుకునేది మాత్రం రీఫిల్లింగ్ వ్యాపారం. బర్నర్‌ను నేరుగా తల మీద బిగించుకునే రెండు మూడు కిలోల సిలిండర్లు సంతల్లో, సామాన్ల కొట్లలో దొరుకుతాయి. గ్యాస్ అయిపోతే వీధి చివర కొట్టుకు తీసుకెళ్తారు. అక్కడ ఇంటి సిలిండర్‌ను స్టూలు మీద తలకిందులుగా నిలబెట్టి, రబ్బరు గొట్టంతో కింద ఉన్న చిన్నదానిలోకి ద్రవాన్ని దింపుతారు. గొట్టం పీకినప్పుడు బుస్సుమని తెల్లటి పొగలా గ్యాస్ లేస్తుంది. అదే కొట్లో పక్కన దీపం వెలుగుతూ ఉండొచ్చు, ఎవరో బీడీ కాలుస్తూ ఉండొచ్చు. ‘మా వాడికి చేతి అంచనా ఉంది, ఇన్నేళ్లుగా పోస్తున్నాడు’ అని ఇరుగుపొరుగు భరోసా ఇస్తారు.

చేతి అంచనాతో చేసే పని కాదిది. ఏ సిలిండర్‌నూ పూర్తిగా నింపకూడదు. కంపెనీ ప్లాంటులో తూకం వేసి, లోపల అయిదో వంతు వరకు ఖాళీ వదులుతారు. ఆ ఖాళీ ద్రవం ఉబ్బడానికి. 20 డిగ్రీల దగ్గర నింపిన ద్రవం 45 డిగ్రీల ఎండకు చేరితే నూటికి అయిదు నుంచి ఎనిమిది పాళ్లు ఉబ్బుతుంది. ఖాళీ లేకుంటే ఆ ద్రవానికి పోయే దారి లేదు. ఆవిరిని నొక్కవచ్చు, ద్రవాన్ని నొక్కలేం. అది లోహాన్ని చీలుస్తుంది. ‘నిండుగా పోశాడు, మంచివాడు’ అని మెచ్చుకుంటూ తెచ్చుకున్న సిలిండరే మధ్యాహ్నం ఎండకు ఇంటి మెట్ల మీద అత్యంత ప్రమాదకరమైన వస్తువు అవుతుంది. కంపెనీ సిలిండర్ పట్టీ మీద ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఏ అంటే మార్చితో ముగిసే మూడు నెలలు, డి అంటే డిసెంబర్‌తో ముగిసేవి, పక్కన సంవత్సరం. ఆ గడువుకు దాన్ని మళ్లీ పరీక్షించాలి. సంతలో కొన్న సిలిండర్‌ను ఎవరు పరీక్షించారు? ఎవరూ లేరు. ఒక సిలిండర్ నుంచి మరోదానికి ఇలా గ్యాస్ మార్చడం 2016 గ్యాస్ సిలిండర్ల నియమాల ప్రకారం నేరం. అందరికీ తెలిసీ ఇది నడుస్తోందంటే, తనిఖీ చేయాల్సినవాళ్లు కళ్లు మూసుకున్నారనే అర్థం.

‘పేలితే మా ఇల్లే కదా పోయేది’ అనడానికీ వీల్లేదు. 2022 మేలో అనంతపురం జిల్లా శెట్టూరు మండలం ములకలేడులో ఒక ఇంట్లో గ్యాస్ సిలిండర్ పేలి పక్కింటి గోడ కూలింది. చనిపోయిన నలుగురూ ఆ పక్కింటి కుటుంబంవాళ్లు. సీమ పల్లెల్లో ఇళ్లు గోడ పంచుకుని ఉంటాయి. ఒకరి సిలిండర్ ఒకరి సొంత విషయంగా ఎన్నటికీ ఉండదు. బీమా లెక్క కూడా ఎవరూ చూసుకోరు. చమురు కంపెనీల కనెక్షన్ ఉన్న ఇంట్లో గ్యాస్ ప్రమాదం జరిగి ప్రాణం పోతే మనిషికి 6 లక్షల రూపాయల వరకు బీమా ఉంది. గాయపడితే వైద్యానికి 2 లక్షల వరకు వస్తుంది. సంతలో కొన్న సిలిండర్‌కు, వీధి కొట్టులో పోయించిన గ్యాస్‌కు ఆ రక్షణ ఏదీ లేదు.

చివరికి మిగిలేది బలమైన వాదనే. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ‘ఊరు వదిలి వచ్చిన కూలీకి అద్దె ఒప్పందం లేదు, చిరునామా లేదు, కనెక్షన్ ఎవరిస్తారు? అతని చిన్న సిలిండర్ కూడా లాక్కుంటే ఏం తిని బతకాలి?’ ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక పెనుకొండ చుట్టూ గదులు అద్దెకు తీసుకున్న కుర్రాళ్లకు, తూముకుంట కార్మికులకు ఇది కడుపుకు సంబంధించిన ప్రశ్న. హోటల్లో మూడు పూటలా తినే జీతాలు వాళ్లవి కావు.

అయితే ఈ వాదన ఒక సంగతిని దాస్తుంది. చట్టబద్ధమైన చిన్న సిలిండర్ దొరుకుతోంది. 2013 అక్టోబర్ నుంచే 5 కిలోల సిలిండర్లను కనెక్షన్ లేకుండా పెట్రోలు బంకుల్లో అమ్మడం మొదలైంది. ఇండియన్ ఆయిల్ 2020లో దానికి ‘ఛోటు’ అని పేరు పెట్టింది. హిందుస్తాన్ పెట్రోలియం తనదాన్ని ‘అప్పు’ అంటుంది. చిరునామా రుజువు అక్కర్లేదు, ఏదో ఒక గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. తూకం వేసి నింపినది, పరీక్షించినది, దానంతటదే మూసుకునే వాల్వ్ ఉన్నది. 2021 ఆగస్టులో మొదలైన రెండో విడత ఉజ్వలలో వలస కుటుంబాల ఆడవాళ్లు రేషన్ కార్డు, చిరునామా రుజువు లేకుండా సొంత ధ్రువీకరణతోనే కనెక్షన్ తీసుకునే వీలు కల్పించారు. పేదవాడికి వేరే దారి లేదనేవాళ్లు ఈ దారిని అతనికి చూపించరు. దొంగ రీఫిల్లింగ్ కొట్టు వీధి చివర ఉంది, బంకు ఊరి బయట ఉంది, తేడా అంతే. ఆ దూరాన్ని తగ్గించే పని పేదవాడిది కాదు. తూముకుంటలో, ఎర్రమంచిలో, ధర్మవరం నేతపేటల్లో కిరాణా కొట్లలోనే ఈ సిలిండర్లు దొరికేలా చేయడం చమురు కంపెనీల పని, వాళ్ల వెంటపడి చేయించడం జిల్లా పౌర సరఫరాల అధికారుల పని.

కొన్నాక చేయాల్సినవి కొద్దే. ఐఎస్ఐ గుర్తున్న స్టవ్‌తో, సిలిండర్‌కు సరిపోయే రెగ్యులేటర్‌తోనే వాడాలి. స్టవ్ ఎప్పుడూ సిలిండర్ కన్నా ఎత్తులో ఉండాలి. గ్యాస్ డబ్బాను మార్చేటప్పుడు దగ్గర్లో ఏ మంటా ఉండకూడదు. సూదితో గుచ్చి బిగించే పాత రకం డబ్బాను అది పూర్తిగా అయిపోయేదాకా విప్పకూడదు. పడుకునే గదిలో ఏదీ ఉంచకూడదు. లీకైనట్టు అనుమానం వస్తే స్విచ్చులు వేయడం, తీయడం రెండూ వద్దు. తలుపులు తెరిచి, సిలిండర్‌ను బయటికి చేర్చి, 1906కు ఫోన్ చేయాలి. ఆ నంబర్ గ్యాస్ లీకుల కోసమే ఉంది.

రైల్వే వైపు చేయాల్సింది ఇంకా మిగిలే ఉంది. అయ్యప్ప మాలల కాలం మొదలుకాకముందే ధర్మవరం, పెనుకొండ, హిందూపురం స్టేషన్లలో స్టవ్‌ల గురించి తెలుగులో, కన్నడంలో ప్రకటనలు వినిపించాలి. తనిఖీ బండి కదిలాక బోగీలో కాకుండా ప్లాట్‌ఫారం గేటు దగ్గరే జరగాలి. తెలియక తెచ్చుకున్న కుటుంబం సిలిండర్ అప్పగించి, రశీదు తీసుకుని, తిరుగు ప్రయాణంలో దాన్ని వెనక్కి పట్టుకెళ్లే ఏర్పాటు స్టేషన్ బయటి ఆవరణలో ఉంటే, దాన్ని దుప్పట్లలో చుట్టి దాచే అవసరమే సగం తగ్గిపోతుంది.